720720కు కారణాంకాలు ఎన్ని? ఒక్కొక్కటే రాయకుండా తేల్చే పద్ధతి

720720 కారణాంకాలను వరుసగా రాస్తుంటే మీ అమ్మాయికి ప్రతిసారీ ఒక్కో లెక్క వస్తోందని, రాయకుండా తేల్చే దారి ఉందా అని అడిగారు. ఉంది. నాకు అది బడిలో కన్నా ముందు కోనసీమలో, మా అమ్మమ్మగారి ఇంట్లో బియ్యం కొలిచే చోట అర్థమైంది.

కుంచానికి 64 గిద్దలు. 64ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు 1, 2, 4, 8, 16, 32, 64. ఈ ఏడింటికీ ఆ ఇంట్లో పేర్లుండేవి: గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. 64 అంటే ఆరు రెళ్ల లబ్ధం. అందులోంచి ఒక్క రెండూ తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, అలా ఆరింటి దాకా వెళ్లవచ్చు. మొత్తం ఏడు దారులు, ఏడు కారణాంకాలు. ఘాతాంకానికి ఒకటి కలపమని పాఠంలో చెప్పేది ఇందుకే. ఆ ఒకటి ‘ఏదీ తీసుకోకపోవడం’ అనే దారి. ఇది తెలియకుండా సూత్రం బట్టీ పట్టిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

అదే కుంచం బియ్యాన్ని ముగ్గురికి సమంగా పంచబోతే తలా 21 గిద్దలు పోను ఒక గిద్ద మిగిలిపోతుంది. 64లో మూడు లేదు మరి.

ఇప్పుడు మీ సంఖ్య. 720 పక్కన మళ్లీ 720 ఉంది కదా, అంటే అది 720 × 1001. 1001 అంటే 7 × 11 × 13. 720లో నాలుగు రెళ్లు, రెండు మూళ్లు, ఒక అయిదు ఉన్నాయి. రెళ్లకు 5 దారులు, మూళ్లకు 3, మిగిలిన 5, 7, 11, 13లలో ఒక్కోదానికి రెండేసి. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240.

1 నుంచి 16 వరకూ అన్నింటి క.సా.గు. కూడా ఇదే. దీనికన్నా చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. తన కన్నా చిన్నవాటన్నింటినీ కారణాంకాల లెక్కలో మించిపోయే ఇలాంటి సంఖ్యల మీదే శ్రీనివాస రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

పట్టిక రాయాల్సే వస్తే 848 దాకా వెతికితే చాలు, ఎందుకంటే 849 వర్గం 720720ను దాటిపోతుంది. 848 లోపు దొరికిన ప్రతిదానికీ అవతల ఒక జోడీ ఉంటుంది: 1కి 720720, 2కు 360360. అలా 120 జోడీలు. ఆఖరిది 840 × 858. మీ అమ్మాయి పట్టికలో ముందు ఆ జోడీ ఉందేమో చూడండి. పదో తరగతిలో నేను రాసిన పట్టికలో తప్పిపోయింది అదే.