కీమో తర్వాత ఓపిక పెరిగిందో లేదో ఎలా కొలవాలి?

కీమో పూర్తయిన మీ నాన్నగారు రోజూ వ్యాయామం చేస్తున్నారని, ఓపిక నిజంగా పెరుగుతోందో లేదో చేతి గడియారం చూపే అడుగుల లెక్కను బట్టి తెలుస్తుందా అని అడిగారు. తెలియదు. ఆ లెక్క ఆయన ఎంత తిరిగారో చెబుతుంది గానీ ఎంత తిరగగలరో చెప్పదు. అందుకు, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలరో కొలిచే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించండి.

రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత మా అమ్మకు వ్యాయామం మొదలుపెట్టించే ముందు, ఫిజియోథెరపిస్టు ఆమెను ముప్పై మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించారు. "ఇది పందెం కాదమ్మా, మీ శక్తి కొద్దీ నడవండి, ఆయాసమొస్తే ఆగండి, సమయం మాత్రం ఆగదు" అని ముందే చెప్పారు. అమ్మ 310 మీటర్లు నడిచింది. కొన్ని వారాల తర్వాత ఆ వరండా నిండా స్ట్రెచర్లు ఉన్నాయని, వేరొకరు పక్కనున్న పొట్టి నడవాలో పరీక్ష పెట్టారు. అక్కడ నాలుగడుగులు వేయగానే వెనక్కి తిరగాలి, తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది. 296 మీటర్లే వచ్చాయి. "ఇంత కష్టపడీ వెనక్కే పోయానా" అంటూ అమ్మ ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు, మరునాడు వ్యాయామానికి లేవలేదు. నేను పట్టుబట్టి పాత వరండాలోనే మళ్లీ చేయిస్తే 352 మీటర్లు నడిచింది. అలవాటు వల్ల కూడా రెండోసారి కాస్త ఎక్కువ నడుస్తారు కాబట్టి మొదట్లోనే రెండుసార్లు చేయించి, మెరుగైన దాన్ని రాసుకోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన పరిశోధనలో 22 నుంచి 42 మీటర్ల మార్పును అర్థవంతమైనదిగా లెక్కించారు. నడవా మారితే వచ్చే తేడా దాన్ని పూర్తిగా కప్పేయగలదు.

మాస్కు పెట్టి సైకిలు తొక్కిస్తూ, శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచే పరీక్ష ఇంకా కచ్చితమైనది, ఉన్నచోట అదే చేయించండి. ఏ పరీక్షయినా ఆ వారపు హిమోగ్లోబిన్‌ను పక్కనే రాయించండి, ఎందుకంటే రక్తహీనత ఉంటే వ్యాయామం ఫలించినా అంకె పెరగకపోవచ్చు. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందుల వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కినవారి నడక తగ్గితే, తప్పు గుండెది కాకపోవచ్చు.

నన్ను ఎక్కువగా బాధించేది బరువును బట్టి తీర్పు చెప్పే బంధువుల తీరు. "ఒళ్లు చేసింది, కోలుకుంది, ఇక విశ్రాంతి తీసుకోమను" అంటారు. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల బరువు పెరుగుతూనే కండ కరిగిపోవచ్చని ఎంత చెప్పినా వినరు. పెద్దపేగు క్యాన్సర్ రోగులు 889 మందితో ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో జరిగి 2025లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, మూడేళ్ల వ్యాయామ శిక్షణ పొందినవారిలో 80.3 శాతం మంది ఐదేళ్ల వరకు వ్యాధి లేకుండా జీవించారు. సలహా పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో అది 73.9 శాతం. అందులోనూ ఈ ఆరు నిమిషాల నడకను కొలిచారు. ఇంత పని చేసే చికిత్సకు మన డిశ్చార్జి కాగితంలో ఒక్క గడి కూడా ఉండకపోవడం అన్యాయం.

ఇంట్లోనైతే, పక్కన ఒకరు నిలబడి, చేతులు ఛాతీపై కట్టుకుని ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. కుర్చీ ప్రతిసారీ అదే ఉండాలి, వెనుక గోడకు ఆనించాలి, ఇంకా కీమో నడుస్తున్నవారైతే అది ఎక్కించిన వారంలో చేయకూడదు.