ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి ఎనిమిది లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల్లో పత్తి వేస్తాం. బిడ్డ హనుమకొండలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ గ్రూపుతో బీఎస్సీ మంచి మార్కులతో పాసైంది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ సీటు వచ్చింది. రెండేళ్లకు ఫీజు 5 లక్షలు, హాస్టల్, మిగతా ఖర్చులు 3 లక్షలు. ఫీజుకు బ్యాంకు లోన్ తీసుకుని, 3 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. చదువయ్యాక ఏడాదికి 6 లక్షల జీతం అని కాలేజీవాళ్లు చెప్పారు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు పెట్టే సీపీగెట్ పరీక్ష కూడా రాసింది, కౌన్సెలింగ్ కాలేదు. ఈ నెలాఖరులోగా 50 వేలు కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 50 వేలు ఇప్పుడే కట్టకండి. ఎందుకో చెబుతాను.

ముందు రెండు రూపాయల వడ్డీ సంగతి. 3 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. పత్తి డబ్బులు ఏనుమాముల మార్కెట్ నుంచి ఇంటికి చేరకముందే వడ్డీకి పోతాయి. అసలు ఆ అప్పు అవసరమే లేదు. విద్యా రుణం ఫీజుకు మాత్రమే అనుకుంటున్నారు కానీ హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఖర్చు కూడా అందులో చూపించవచ్చు. 4 లక్షలు దాటితే 5 శాతం మనం పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు తాకట్టు ఉండదు, తల్లి లేదా తండ్రి సంతకం చాలు. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా పట్టాదారు పాస్‌బుక్ బీరువాలోనే ఉండనివ్వండి. బ్యాంకు వడ్డీ 10.5 శాతం అనుకుంటే మన ఊరి లెక్కలో అది 87 పైసల పైచిలుకు. రెండు రూపాయలెక్కడ, ఇదెక్కడ!

అయితే ఆ 87 పైసలు కూడా చిన్న బరువు కాదు. 7.5 లక్షలను ఏడాదికి సగం చొప్పున తీసుకుంటే, చదువు రెండేళ్లు, ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే ఏడాది గడువు పూర్తయ్యేసరికి వడ్డీ దాదాపు 1.97 లక్షలు కలుస్తుంది. అసలు 9.47 లక్షలవుతుంది. పదేళ్ల వాయిదాకు నెలకు సుమారు 12,800. మొత్తం కట్టేది 15 లక్షల పైనే.

ఇప్పుడు జీతం. పోయిన ఏడాది ఒక అమ్మాయి తన పే స్లిప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, హైదరాబాద్ శివారు ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ. పైన 20,000 అని ఉంది. పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150, క్యాంటీన్, బస్సుకు 800. చేతికొచ్చింది 17,460. లేడీస్ హాస్టల్‌కు 7 వేలు, ఫోను, చార్జీలు, పండక్కి ఊరెళ్లడం కలిపి ఇంకో 3 వేలు. మిగిలిన 7,460తో 12,800 వాయిదా ఎలా కడుతుంది? ఉద్యోగం చేస్తున్న బిడ్డకు నెలనెలా 5 వేలు మీరే పంపాల్సి వస్తుంది. మూడు, నాలుగేళ్ల అనుభవంతో జీతం పెరుగుతుంది, నిజమే. కానీ వాయిదా అప్పటిదాకా ఆగదు.

కాలేజీవాళ్ల 6 లక్షల మాటను నేను అబద్ధమనను. అది ఎవరికి వచ్చిందో అడగండి. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలోనే పోయినసారి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఎక్కడ ఉద్యోగం వచ్చింది, జాబితా ఇమ్మనండి. ఇద్దరు సీనియర్ల ఫోన్ నంబర్లు తీసుకుని బిడ్డతోనే మాట్లాడించండి.

బయోకెమిస్ట్రీ గొప్ప సబ్జెక్టు. మందులు, టీకాలు, రక్త పరీక్షలు, అన్నింటి వెనకా అదే ఉంది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీలూ ఉన్నాయి. కానీ మందు ముడిసరుకు తయారుచేసే కంపెనీలకు ఎక్కువగా కావాల్సింది కెమిస్ట్రీ వాళ్లు. ఇంటర్‌లో బయోకెమిస్ట్రీ సబ్జెక్టే లేదు, కాబట్టి జూనియర్ లెక్చరర్ దారి కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ వాళ్లకు ఉన్నంతగా దీనికి ఉండదు. ఈ సబ్జెక్టులో డబ్బు నిలకడగా వచ్చేది పరిశోధన దారిలో. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 ఇస్తారు, ఇంటి అద్దె భత్యం అదనం. అది అప్పు కాదు, ఫెలోషిప్. ఆ పరీక్ష ఏ యూనివర్సిటీలో చదివినవాళ్లైనా రాయవచ్చు.

అందుకే కాకతీయ యూనివర్సిటీ సీటు కోసం ఆగమంటున్నాను. సీపీగెట్‌లో కేయూ, ఓయూ రెండింటికీ ఆప్షన్లు పెట్టండి. రెగ్యులర్ సీటైతే ఫీజు మన చేతిలో ఉంటుంది. అర్హత ఉంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయండి. ఆ డబ్బు ఆలస్యమైనా ఆగకుండా ఒక ఏడాది ఫీజు పక్కన పెట్టుకోండి. పరకాల నుంచి హనుమకొండకు రోజూ వచ్చి వెళ్లొచ్చు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు. మిగిలిన దాంట్లో కొంత నెట్ కోచింగ్‌కు పెట్టండి.

అప్పు తప్పదంటే, మొదటి ఏడాది చేతికొచ్చే జీతం మొత్తాన్ని, అంటే 2 లక్షలను, దాటకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట సీటొస్తే నేనే ఇంకొంచెం ముందుకెళ్లమంటాను. ప్రభుత్వ పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉన్న సంస్థ అయితే, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. బెంగళూరు యూనివర్సిటీ పేరు ఆ జాబితాలో ఉందేమో చూడండి.

వాళ్లు నెలాఖరని ఒత్తిడి పెడితే, సీటు వదులుకుంటే 50 వేలలో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. ఇంకో మాట. మీ ఉత్తరంలో ఎకరాలున్నాయి, ఫీజులున్నాయి, బిడ్డ ఏమవ్వాలనుకుంటుందో ఒక్క ముక్క లేదు. ఈ రాత్రి ఆమెను కూర్చోబెట్టి ఆ 17,460 లెక్క చూపించండి. ల్యాబ్ ఉద్యోగమా, పీహెచ్‌డీనా, టీచింగా అని అడిగి, ఆమె చెప్పింది ఆమెనే రాసి పంపమనండి. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టేలోపు మళ్లీ లెక్క వేద్దాం.