ఫీజు లేని బడికి 5,000 డాలర్ల చందా: ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: మావారు జె-1 వెయివర్ (వీసా ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద అరిజోనాలోని కోచీస్ కౌంటీలో డాక్టరుగా పనిచేస్తున్నారు. మా పాప ఊళ్లోని పబ్లిక్ చార్టర్ స్కూల్లో (ప్రభుత్వ నిధులతో వేరే సంస్థ నడిపే బడి) రెండో తరగతి. బడి మొత్తానికి 84 మంది పిల్లలు. ఫీజు లేదు. ఆటస్థలంలో నీడకు కప్పు వేయాలని చందాలు అడుగుతున్నారు. 5,000 డాలర్లు ఇద్దామనుకుంటున్నాం. పాప పేరున ఉన్న 529 ఖాతాలోంచి (చదువు కోసం దాచే పన్ను రాయితీ ఖాతా) తీయవచ్చా? పన్ను ఎంత కలిసొస్తుంది? డిసెంబరు మొదటి వారంలో విజయవాడ వెళ్లి సంక్రాంతి చేసుకుని వస్తాం. ఈలోపే ఇచ్చేయాలని ఉంది.

జవాబు: 529 జోలికి వెళ్లకండి. చందా అన్నది చదువు ఖర్చు కిందకు రాదు. అందులోంచి తీస్తే ఖాతాలో పెరిగిన లాభం మీద ఆదాయపు పన్ను, దానిపైన మరో 10 శాతం కట్టాలి. ఆ డబ్బు పాప కాలేజీకి అలాగే ఉండనివ్వండి.

ముందు 400 డాలర్ల సంగతి చూడండి, ఎందుకంటే అది మీకు ఊరికే వచ్చేది. అరిజోనాలో ప్రభుత్వ బడికి, చార్టర్ అయినా సరే, ఇచ్చిన డబ్బుకు భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే ఏడాదికి 400 డాలర్ల దాకా రాష్ట్ర పన్నులోంచి నేరుగా తగ్గుతుంది. 6,000 కట్టాల్సి ఉంటే 5,600 కడతారు. వేయాల్సినవి ఫారం 322, దానితోపాటు ఫారం 301. ప్రతి బడికీ రాష్ట్రం ఇచ్చే తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య, సీటీడీఎస్ కోడ్, ఫారంలో రాయాలి, దాన్ని రసీదు మీదే వేయించుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: చెక్కు తల్లిదండ్రుల సంఘం పేరున రాస్తారు. అలా రాస్తే ఈ పన్ను తగ్గింపు (క్రెడిట్) రాదు. చెక్కు బడి పేరునే ఉండాలి. ఇంకో మాట, ఈ డబ్బు ముఖ్యంగా ఫీల్డ్ ట్రిప్పులు, సంగీతం, ఆటల వంటి ఎక్స్‌ట్రాకరిక్యులర్ కార్యక్రమాలకు ఉద్దేశించింది. కాబట్టి దీన్ని నీడ కప్పు చెక్కుతో కలపకుండా విడిగా రాయండి.

మిగతాది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను లెక్క. క్రెడిట్ తీసుకున్న 400ను మళ్లీ ఇక్కడ విరాళంగా చూపకూడదు. మీకు ఇంటి లోను వడ్డీ లాంటివి పెద్దగా లేకపోతే ఖర్చులు విడివిడిగా చూపకుండా అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటారు. 2026 నుంచి అలాంటివాళ్లకు కూడా, దంపతులకు ఏడాదికి 2,000 డాలర్ల దాకా నగదు విరాళానికి మినహాయింపు ఉంది. అందుకే మొత్తం ఒక్కసారే ఇవ్వకండి. డిసెంబరులోపు 400, 2,000 రెండు చెక్కులు, జనవరిలో మళ్లీ అలాగే రెండు. 4,800 డాలర్లు రెండేళ్ల లెక్కల్లోకి సర్దుకుంటాయి, మీకు 800 డాలర్ల రాష్ట్ర పన్ను మిగులుతుంది. ఐటమైజ్ చేసేవాళ్లయితే (ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లు) లెక్క వేరు: 2026 నుంచి మీ ఏజీఐలో (సర్దుబాట్ల తర్వాతి మొత్తం ఆదాయం) 0.5 శాతం దాటిన విరాళమే లెక్కకు వస్తుంది. 3 లక్షల ఆదాయానికి మొదటి 1,500 డాలర్లు పోయినట్టే. వాళ్లకు రెండేళ్లకు విడగొట్టడం నష్టం, ఒకే ఏడాది ఇవ్వడమే మేలు.

పెద్ద చెక్కు రాసే ముందు, చార్టర్ (బడి నడిపే అనుమతి) ఎవరి చేతిలో ఉందో ఆఫీసులో అడగండి. అరిజోనాలో లాభాపేక్ష ఉన్న కంపెనీ కూడా చార్టర్ నడపవచ్చు. అలాంటి కంపెనీకి ఇచ్చే డబ్బు ఫెడరల్ విరాళం కాదు. 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ అయి ఉండాలి. ఏటా జరిగే ఆడిట్ రిపోర్టు కూడా చూపించమనండి. అందులో నేను మొదట చూసేది చేతిలో ఎన్ని రోజుల ఖర్చుకు నగదు ఉందన్నది. రెండు వారాలకు కూడా లేని బడికి నీడ కప్పు కంటే ముందు నిల్వ కావాలి. 250 డాలర్లు, ఆపైన ఏ విరాళానికైనా, బదులుగా మీకేమీ ఇవ్వలేదని రాసిన ఉత్తరం తీసుకోండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నా దృష్టిలో మీ చందా కంటే ఇదే పెద్దది. అరిజోనాలో బడికి రాష్ట్ర నిధులు మొదటి వంద రోజుల పిల్లల లెక్క మీద ఆధారపడతాయి. ఆగస్టు మొదట్లో తెరిచే ఐదు రోజుల బడికి ఆ వంద రోజులు జనవరి మధ్యకు పూర్తవుతాయి. మీ ప్రయాణం సరిగ్గా అందులోనే పడింది. అనుమతి లేని గైర్హాజరు వరసగా పది బడి రోజులైతే పాప పేరు రిజిస్టరులోంచి తీసేయాలి. మధ్యలో వచ్చే క్రిస్మస్ సెలవులు లెక్కలోకి రావు గనక, డిసెంబరులో పోయే రోజులకు జనవరి రోజులు కలిసిపోతాయి. పేరు పోతే పాప చివరిగా బడికి వచ్చిన రోజు నుంచే ఆమె తరఫున వచ్చే నిధి ఆగుతుంది. వెయిటింగ్ లిస్టు ఉంటే సీటూ పోవచ్చు. 84 మందిలో ఒక్క పాప తగ్గినా అంత చిన్న బడి బడ్జెట్‌లో కనిపిస్తుంది.

టికెట్లు ఇంకా కొనకపోతే శీతాకాలం సెలవులు మొదలైన రోజే బయల్దేరేలా మార్చండి. సంక్రాంతి వదలలేమంటే బయల్దేరే, తిరిగొచ్చే తేదీలు రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఆ సెలవు అనుమతి ఉన్నదిగా నమోదవుతుందా, ఏ కాగితం కావాలి అని అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి. నోటి మాట చాలదు. ఆ జవాబు వచ్చాకే టికెట్లకు డబ్బు కట్టండి.