వేసవంతా వ్యాన్‌లో ఉంటూ క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్‌గా పనిచేయడం కుదురుతుందా?

ఉద్యోగ విరమణ తరువాత వ్యాన్ కొనుక్కుని, ఒక వేసవి అమెరికా అడవుల్లో క్యాంప్‌గ్రౌండ్ హోస్టులుగా, అంటే జనం వచ్చి గుడారాలు వేసుకునే చోటే ఉంటూ దాన్ని చూసుకునేవాళ్లుగా, గడపాలని మీ దంపతులు అనుకుంటున్నారనీ, దానికి జీతం ఇస్తారా, పని మన వయసువాళ్లు చేయగలిగేదేనా, వ్యాన్‌లో మన వంట సాగుతుందా అనీ అడిగారు. కొలరాడోలో బ్యూనా విస్టా అనే ఊరికి ఎగువన, సుమారు 9,000 అడుగుల ఎత్తులో, మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా నేను ఒంటరిగా ఆ పని చేశాను. మన తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించాలని కలలు కనే హార్వర్డ్, ప్రిన్‌స్టన్, యేల్ అక్కడ కొండల పేర్లు; మూడూ 14,000 అడుగులు దాటినవే. మీ ప్రశ్నకు నా జవాబు, కుదురుతుందనే. అయితే ఆ పనిలో మనిషిని నలగ్గొట్టేది మరుగుదొడ్లు కడగడం కాదు, ఇల్లూ ఆఫీసూ ఒకటే కావడం. వ్యాన్‌లో ఉండేవాళ్లకైతే ఇల్లూ, ఆఫీసూ, బండీ మూడూ ఒకటే.

ముందు జీతం సంగతి. జాతీయ అడవుల్లోని చాలా క్యాంప్‌గ్రౌండ్లను ప్రభుత్వ అటవీ శాఖ అయిన ఫారెస్ట్ సర్వీస్ స్వయంగా నడపకుండా ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తుంది. ఆ కంపెనీల కింద చేరితే గంటకు ఇంత అని జీతం ఉంటుంది, అది సాధారణంగా ఆ రాష్ట్రపు కనీస వేతనానికి దగ్గరగా ఉంటుంది. కొలరాడోలో 2025లో కనీస వేతనం గంటకు 14.81 డాలర్లు. ప్రభుత్వ శాఖల దగ్గర వాలంటీరుగా చేరితే బండి నిలుపుకోవడానికి స్థలం ఉచితం, కొన్నిచోట్ల రోజుకు కొంత భత్యం, అంతే. మీ ఇద్దరికీ పౌరసత్వం ఉందన్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు గానీ, ఇది చదివే హెచ్‌-1బి వీసా వాళ్లు మాత్రం వాలంటీరు పనే కదా అని తొందరపడకూడదు. ఉచితంగా ఇచ్చే స్థలం కూడా ప్రతిఫలం కిందకు రావచ్చు కనుక న్యాయవాదిని అడిగి తీరాలి.

నేను చేరిన కంపెనీ వారానికి ముప్పై గంటలకు జీతం ఇచ్చింది. అర్ధరాత్రి వ్యాన్ తలుపు తట్టి కట్టెల మోపు కావాలన్న మనిషికి లేచి ఇచ్చిన సమయం ఆ ముప్పైలో లేదు. అది ఎవరి లెక్కలోకి వస్తుందని అడిగితే, మీరు అక్కడే ఉంటున్నారు కదా అన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

రోజువారీ పని ఉదయం ఏడింటికి మొదలయ్యేది. ఎవరు ఏ స్థలం నుంచి వెళ్లిపోయారో, ఎవరు కొత్తగా వస్తున్నారో చూసుకుని స్థలం ముందున్న స్తంభానికి రిజర్వేషన్ చీటీలు తగిలించడం, చెత్త ఏరడం, మరుగుదొడ్లు కడగడం. అవి నీళ్లు పోసే దొడ్లు కావు. కింద పెద్ద తొట్టె, వెనుక ఇంటికప్పును దాటి లేచే నల్లటి గొట్టం. ఎండకు ఆ గొట్టం వేడెక్కి గాలిని పైకి లాగుతుంది కాబట్టి, గోడకున్న గాలి జాలీలను మూసేయకుండా ఉంటే దుర్వాసన చాలామటుకు లోపల నిలవదు. గుడ్లగూబలు చెట్టు తొర్ర అనుకుని అందులోకి దిగి చిక్కుకుపోతాయని ఆ గొట్టాల మీద వల బిగించి ఉంచుతారు. మూలల్లో ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్వకూడదు, బ్లీచ్ కలిపిన నీళ్లతో బాగా తడిపి కాసేపు ఆగి తుడవాలి. అక్కడి ఎలుకల ద్వారా హాంటావైరస్ అనే ప్రమాదకరమైన జబ్బు సోకుతుంది.

నాకు అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది పొయ్యిగుంటల దగ్గర. నివురుగప్పిన నిప్పు అన్న మాటను చిన్నప్పటి నుంచి సామెతగానే విన్నాను. అక్కడ ప్రతి ఉదయం చేతికి తగిలేది. పైకి తెల్లగా, మెత్తగా, చల్లారిపోయినట్టే కనిపించే బూడిద మీద అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూస్తే సెగ తెలిసేది. బకెట్ నీళ్లు పోసి, పారతో అడుగు దాకా తిరగేసి, మళ్లీ పోస్తే ఒక్కొక్కప్పుడు మూడో బకెట్‌కు కూడా సుయ్‌మనేది. ఆ గుంటలో రాత్రి చలి కాచుకున్నవాళ్లు అప్పటికే యాభై మైళ్లు దాటి ఉంటారు.

ఇక వ్యాన్ సంగతి. ఆర్‌వీ అనే ఇల్లులాంటి పెద్ద బండిలో ఉండే హోస్టులు దాన్ని స్థలంలో వదిలి, చిన్న కారులో ఊరికి వెళ్లి వస్తారు. వ్యాన్ వాళ్లు పాలకు వెళ్లినా ఇల్లంతా వెంట వెళ్లాల్సిందే. గిన్నెలు సర్ది, అరలు బిగించి, తీగలు ఊడదీసి బయలుదేరాలి. తిరిగి వచ్చేసరికి హోస్ట్ స్థలం ఖాళీగా ఉందనుకుని ఎవరో గుడారం వేసి ఉండేవారు. రెండుసార్లు అలా జరిగాక, ఒక పాత గుడారం, రెండు కుర్చీలు, ఎప్పుడు వస్తానో రాసిన పలక శాశ్వతంగా అక్కడ ఉంచాను. మీరు ఇద్దరున్నారు కాబట్టి ఒకరు స్థలంలో ఉండి మరొకరు వెళ్లవచ్చు. కానీ ఉండిపోయినవారికి వాన వస్తే తలదాచుకోవడానికి వ్యాన్ ఉండదు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ కొండల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన తరచు వస్తుంది. అందుకని గుడారం గట్టిదే కొనండి.

వంటకు ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర తరువాత కూడా నన్ను చూసి నవ్వింది. తిరగమోత మాత్రం వ్యాన్ లోపల పెట్టకండి. నల్ల ఎలుగుబంట్లు వాసన పట్టి కారు తలుపులు తెరిచేంత తెలివైనవి. నేను పోపు బయట గ్యాస్ పొయ్యి మీద వేసి, ఇంగువ డబ్బా, ఆవకాయ సీసా సహా అన్నీ ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేసేవాణ్ణి. ఆవకాయ సీసాను అంత భద్రంగా మా అమ్మ కూడా దాచలేదు.

జూలైలో అగ్ని ఆంక్షలు రెండో దశకు చేరాయి. ఆ దశలో కట్టెల మంట, బొగ్గుల కుంపటి రెండూ నిషిద్ధం, మీటతో ఆర్పగలిగే గ్యాస్ పొయ్యికి మాత్రమే అనుమతి. ఆ శనివారమే డెన్వర్ నుంచి మూడు తెలుగు కుటుంబాలు వచ్చి, నానబెట్టిన కోడిమాంసం బొగ్గుల మీద కాల్చడానికి సిద్ధమయ్యాయి. నేను వెళ్లి చెప్పగానే వాళ్లలో పెద్దాయన, "అన్నా, మనవాళ్లమే కదా, ఒక్క గంట చూసీ చూడనట్టు వదిలేయండి" అన్నాడు. జరిమానా వేసే అధికారం హోస్ట్‌కు ఉండదు. చెప్పడం, వినకపోతే అటవీ అధికారి అయిన రేంజర్‌కు కబురు చేయడం, అంతే. అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా లేదు, నాలుగు మైళ్లు దిగాలి. అందుకని వాదించకుండా, "తమ్ముడూ, నా పొయ్యీ బాణలీ తెస్తాను, వేపుడు చేసుకోండి" అన్నాను. కాసేపు ముఖాలు ముడుచుకున్నారు గానీ ఒప్పుకున్నారు. రాత్రి పదింటికి నిశ్శబ్ద వేళ మొదలయ్యాక మళ్లీ వెళ్లి పాటలు ఆపమనాల్సి వచ్చింది, అది ఇంకా కష్టమైంది, ఎందుకంటే అప్పటికే వాళ్ల వేపుడు తిని ఉన్నాను.

ఒప్పుకునే ముందు ఫోన్‌లో మూడు సంగతులు తేల్చుకోండి. సెలవు రోజుల్లో మీ బదులు ఎవరు ఉంటారు? రాత్రి లేచిన సమయానికి జీతం ఉందా? హోస్ట్ స్థలం మీద ఎండ ఎన్ని గంటలు పడుతుంది? మూడోది అడగాలని నాకు తోచలేదు. నాకు ఇచ్చిన స్థలం లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల నీడలో ఎంతో చల్లగా ఉండేది. వ్యాన్ పైకప్పు మీది సోలార్ పలకలకు రోజుకు రెండు గంటల ఎండ కూడా దక్కేది కాదు, ఫ్రిజ్ తెల్లవారుజామునే ఆగిపోయేది. చివరికి విడి పలక ఒకటి కొని, యాభై అడుగుల తీగతో దారి పక్కనున్న ఎండలో పెట్టి, పొద్దు తిరిగినప్పుడల్లా వెళ్లి జరుపుకుంటూ ఆ వేసవి గడిపాను.