పాత అంబాసిడర్ ఇంజిన్‌కు డైనమో, ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ మళ్లీ పెట్టాలంటే సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఎక్కడికైనా బయలుదేరే ముందు మీ షెడ్డులోనే అటక మీద, మూలనున్న గోనెసంచుల్లో ఒకసారి వెతకండి. మీ బండిలో బ్యాటరీని చార్జ్ చేసే పాత డైనమో తీసేసి, దాని బదులు ఆల్టర్నేటర్ (ఇప్పటి బండ్లలో ఉండే చార్జింగ్ యంత్రం) బిగించినాయన ఆ డైనమోను పారేసి ఉండడు. అంత రాగి ఉన్న వస్తువును ఆ రోజుల్లో ఎవరూ పారేసేవాళ్లు కాదు. మా నాన్న 1965 అంబాసిడర్ డైనమో మాకు వడ్ల గాదె వెనక దొరికింది, ఎలుక గూడుతో సహా.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: కావలి దగ్గర ఊళ్లో తాతగారి 1968 మార్క్ టూ అంబాసిడర్ పదేళ్లుగా కదలకుండా ఉంది. మధ్యలో ఎవరో ఆల్టర్నేటర్, ప్లాస్టిక్ ఎయిర్ ఫిల్టర్ పెట్టారు. మీకేమో అప్పటి డైనమో, ఆయిల్ బాత్ క్లీనర్ (గాలిలోని దుమ్మును గిన్నెలోని ఆయిల్‌తో పట్టే పాత ఎయిర్ ఫిల్టర్), ఆయిల్ మీటర్ (ఆయిల్ ప్రెషర్ చూపేది), ముందు రెండు ఫాగ్ ల్యాంపులు కావాలి. నేను నెల్లూరులో ఇదే పని చేయించాను, రెండేళ్లు పట్టింది. అందులో ఏడాది నా తప్పుల వల్లే.

మొదటి తప్పు గ్యాస్కెట్, అంటే ఇంజిన్ భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పొర. '1500 అంబాసిడర్ ఇంజిన్ గ్యాస్కెట్ సెట్' అని ఫోన్లో చెప్పి తెప్పించుకున్నాను. వచ్చింది డీజిల్‌ది. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్ 1489 సీసీయే, తర్వాత వచ్చిన డీజిల్ కూడా 1489 సీసీయే. రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి బి-సిరీస్ కుటుంబమే, కానీ హెడ్డు (సిలిండర్ల పైమూత) వేరు. అప్పటినుంచి పాత ముక్క చేత్తో పట్టుకోకుండా ఏ షాపు గడపా తొక్కలేదు. మీ బండికి కూడా ఎవరైనా డీజిల్ ఇంజిన్ ఎక్కించారేమో ముందు చూసుకోండి. మన వైపు చాలా బండ్లకు ఎక్కించారు.

ఇక ఎక్కడ కొనాలంటే, బేరింగులు, రింగులు, ఫ్యాన్ బెల్టు, ఆయిల్ సీళ్లలాంటివి కొత్తవే కొనాలి. వీటికి విజయవాడ ఆటోనగర్ గానీ, చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు గానీ. అప్పటి సామాన్లకు మాత్రం చెన్నైలోనే పాత బండ్ల సామాన్లమ్మే పుదుపేట. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. సెంట్రల్‌లో దిగితే ఆటోలో దగ్గరే. అరవం రాకపోయినా ఫరవాలేదు, సంచిలోంచి ముక్క తీసి బల్ల మీద పెట్టండి చాలు. పేరు చెబితే కొత్త కాపీ ఇస్తారు, ముక్క చూస్తే లోపలికెళ్లి వెతుకుతారు. అక్కడా లేకపోతే కలకత్తాలో పాత సామాన్లమ్మే మల్లిక్ బజార్. బండి పుట్టింది కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో, టాక్సీలుగా అరిగింది కలకత్తాలో కాబట్టి అక్కడ సరుకుంటుంది. ఆన్‌లైన్లో మెరిసే క్రోమ్ సామాన్ల జోలికి పోవద్దని నా సలహా, మరలు సరిగా ఉండవు. ఈ ఇంజిన్‌వి ఇంచు మరలు. మిల్లీమీటర్ బోల్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే బ్లాకులో మర పోతుంది.

డైనమో దొరికితే కొత్తది కొనకండి, ఉన్నదాన్నే రిపేరు చేయించండి. కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి, అవి ఆనుకుని ఉండే, తిరిగే రాగి భాగం మీద గాడి పడి ఉంటుంది. దాన్ని లేత్ మీద పలచగా కోయించి, పట్టీల మధ్య మైకాను రంపపు బ్లేడుతో కాస్త లోపలికి గీకించాలి. ఆల్టర్నేటర్ పెట్టినాయన బ్యాటరీని తిప్పి ఉండొచ్చు. డైనమో కాలపు ఇంగ్లీషు బండ్లలో ప్లస్ బాడీకి కలపడం మామూలే. ఇప్పుడు మైనస్ బాడీకి ఉంటే అలాగే ఉంచండి, డైనమోకు ఏదైనా ఒకటే. కాకపోతే ఏ కొస ప్లస్సో, ఏది మైనస్సో దానికి ముందు చెప్పాలి. డైనమో మీద పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ విప్పేసి, బ్యాటరీలో బాడీకి తగలని కొస నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్‌కు రెండు మూడుసార్లు తాకించి తీసేయండి. చిటుక్కుమని రవ్వ వస్తుంది, అంతే. ఇది చేయకుండా రెగ్యులేటర్‌కు (చార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా) కలిపితే దాని పాయింట్లు కాలిపోతాయి. ఆ తర్వాత ఐడిలింగ్‌లో చార్జింగ్ ఎర్రలైటు మినుకుమంటే టెన్షన్ పడకండి, డైనమో ఆ స్పీడులో చార్జింగ్ ఇవ్వదు.

ఫాగ్ ల్యాంపులకు లెక్క చూసుకోవాలి. లూకాస్ కంపెనీ సీ40 రకం డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు. 12 వోల్టుల మీద 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే ఏడున్నర, 48 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెంటికి ఎనిమిది. ఇగ్నిషన్, వెనక లైట్లు కలిపితే అంచుకు వస్తుంది. హాలోజన్ బల్బులు వేశారంటే రాత్రి ప్రయాణంలో బ్యాటరీ కరిగిపోతుంది. అప్పటి బల్బులే వేసి, మధ్యలో రిలే (స్విచ్చి మీద కరెంటు భారం పడకుండా చూసేది) పెట్టించండి.

ఆయిల్ మీటరు నేనే బిగించాను. రాగి పైపును బ్లాకు నుంచి డాష్‌బోర్డు దాకా ఒకే ముక్కగా, చూడముచ్చటగా వంచి పెట్టాను. మూడో వారం కోవూరు వెళ్తూ పెన్నా వంతెన దాటానో లేదో ముల్లు సున్నాకు పడిపోయింది. బానెట్ సందుల్లోంచి పొగ. దిగి చూస్తే యూనియన్ (పైపు బిగించే జాయింటు) దగ్గర పైపు వెంట్రుకంత చీలింది, ఆయిల్ సైలెన్సర్ పైపు మీదికి చిమ్ముతోంది. వెంటనే ఆపాను కాబట్టి బేరింగులు బతికాయి. బండిని తోయించుకుని తీసుకెళ్తే మా షెడ్డు సాయిబు గారు ఒక్క మాటన్నారు: "ఇంజిన్ ఊగతాది అబ్బయా, బాడీ ఊగదు. మద్దిలో ఉండేది రెండింటి మాటా వినాల." రబ్బరు మౌంట్ల మీద ఇంజిన్ ఎంత ఊగుతుందో నేను ఆలోచించనేలేదు. బ్లాకు నుంచి బాడీ దాకా జానెడు ఆయిల్ హోసు, అక్కణ్నుంచి రాగి పైపు వేయించండి. ట్రాక్టర్లకు, జేసీబీలకు హోసులు కట్టే షాపులో యూనియన్ చూపిస్తే పది నిమిషాల్లో కట్టిస్తారు.

ఆయిల్ బాత్ క్లీనర్ తేలిక. కిరోసిన్‌తో జాలీ కడిగి, ఆరబెట్టి, గిన్నెలో గీత దాకా ఇంజిన్ ఆయిల్ పోయాలి. గీత దాటితే కార్బురేటర్ లాగేసుకుని నీలిపొగ కక్కుతుంది. పెట్రోల్ హోసులు మాత్రం అన్నీ మార్చండి, ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది.

ఏం చేసినా బ్లాకు మాత్రం మార్చకండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మారని సొంత బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది తీసుకుంటే రోజువారీ తిప్పడానికి వీల్లేదు, అదీ ఆలోచించుకోండి. ఆర్‌సీలోని ఇంజిన్ నంబరు ఈరోజే సరిచూసుకోండి.

ఈలోగా ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి, నాలుగు రోజులాగి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. సెల్ఫ్ కొట్టకండి. రెగ్యులేటర్ బాక్సు కోసం తిరగనక్కర్లేదు, నా దగ్గర ఒకటి ఎక్కువుంది. మూత పగిలింది కానీ లోపల బాగానే ఉంది. నెల్లూరు వచ్చినప్పుడు తీసుకెళ్లండి.