బాపు మాత్ర, జుట్టు మాత్ర ఒకటేనా?

ప్రశ్న: మా బాపుకు 67 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చి రాత్రి అక్కడే పడుకున్నప్పుడు నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి వచ్చిందని చెబితే డాక్టరుకు చూపించాము. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని ఫినాస్టిరైడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. నా స్నేహితుడు జుట్టు రాలకుండా అదే మందు వాడుతున్నాడు. అది మగవారి హార్మోనును అణచివేస్తుందని ఎవరో చెప్పగా విని, నెల రోజులు వాడిన బాపు ఇప్పుడు మానేస్తానంటున్నాడు. మాత్ర మింగలేడు కాబట్టి, మూడో నెల గర్భిణి అయిన నా భార్య దాన్ని నలగగొట్టి తేనెలో కలిపి ఇస్తున్నది. రెండు జబ్బులకు ఒకే మందు ఎట్లా పనిచేస్తుంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు మాటవరసకు రాసిన సంగతికే ముందుగా జవాబు చెప్పాలి. మీ భార్య ఆ మాత్రను నలగగొట్టడం ఈరోజే మాన్పించండి. పూత చెదరని మాత్రను తాకితే ఇబ్బంది లేదు గాని, నలిగిన మందు చర్మం ద్వారా ఒంట్లోకి చేరగలదు. ఇన్నాళ్లూ జరిగినదాన్ని ఆమెను చూస్తున్న వైద్యురాలికి దాచకుండా చెప్పండి. తప్పనిసరైతే ఆ పని మీరు చేసి, గిన్నె కూడా మీరే కడగండి.

కారణం 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైములో ఉన్నది. ఇది టెస్టోస్టిరాన్‌కు రెండు హైడ్రోజన్ పరమాణువులను చేర్చి డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. మార్పు చిన్నదే అయినా, కొత్త హార్మోను కణాల్లోని గ్రాహకాన్ని మరింత గట్టిగా పట్టుకొని, త్వరగా వదలదు. ఈ ఎంజైములో రెండో రకం ప్రోస్టేట్‌లోనూ, వెంట్రుకల కుదుళ్లలోనూ ఉంటుంది. అక్కడ తయారైన హార్మోనే వయసు మీరినవారిలో గ్రంథిని పెంచుతుంది, వంశంలో బట్టతల ఉన్నవారి నడినెత్తిన జుట్టును పలచబరుస్తుంది. ఫినాస్టిరైడ్ ఆపేది ఈ ఎంజైమునే. అందుకే ఒకే మందు 5 మిల్లీగ్రాములైతే మీ బాపుకు, 1 మిల్లీగ్రామైతే మీ స్నేహితునికి పనికివస్తున్నది.

గర్భంలోని మగశిశువుకు బాహ్య జననాంగాలు ఏర్పడాలన్నా ఈ హార్మోనే కావాలి, అవి రూపుదిద్దుకునేది సరిగ్గా ఈ నెలల్లోనే. పుట్టుకతో ఈ ఎంజైము లోపించిన మగపిల్లలను డొమినికన్ రిపబ్లిక్‌లో పరిశీలించిన వైద్యులు 1974లో ఆ వివరాలు ప్రకటించారు. ఆడపిల్లలుగా భావించి పెంచిన ఆ పిల్లలకు యుక్తవయసులో గొంతు మారి, కండ పెరిగింది. కాని పెద్దయ్యాక వారి ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది, నుదుటి జుట్టు వెనక్కి పోలేదు. ఫినాస్టిరైడ్‌కు దారి చూపినది ఈ పరిశీలనే. అమెరికాలో దీనికి ప్రోస్టేట్ కోసం 1992లో, జుట్టు కోసం 1997లో అనుమతి లభించింది.

ఇక బాపు భయం సగమే నిజం. రక్తంలో డైహైడ్రోటెస్టోస్టిరాన్ సుమారు 70 శాతం తగ్గుతుంది గాని టెస్టోస్టిరాన్ తగ్గదు, పైగా కొద్దిగా పెరుగుతుంది. అయినా కొందరిలో కోరిక, అంగస్తంభన తగ్గడం, రొమ్ము నొప్పి, దిగులు కనిపించవచ్చు. ఈ వయసులో ఇవేం మాటలని ఆయన సిగ్గుపడితే మీరే డాక్టరుకు చెప్పండి. నెలలో గుణం కనబడలేదని మానడం మాత్రం తొందరపాటు. గ్రంథి కుంచించుకుపోవడానికి ఆరు నెలలైనా పడుతుంది, మానేస్తే మళ్లీ పెరుగుతుంది. ఈలోగా మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ వంటి మందును తోడుగా ఇవ్వడం కద్దు. అది కండరాన్ని సడలిస్తుందే తప్ప గ్రంథిని తగ్గించదు.

ప్రోస్టేట్ క్యాన్సరును కనిపెట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష విలువ, ఈ మాత్ర ఆరు నెలలు వాడాక దాదాపు సగానికి పడిపోతుంది. మందు సంగతి తెలియని డాక్టరు ఆ అంకెను మామూలుగానే భావించవచ్చు. కనుక పరీక్షకు ముందే చెప్పండి.

మీ స్నేహితుడు రక్తదానం చేసేవాడైతే, మాత్ర మానిన తరువాత నెల గడిచేవరకు రక్తం ఇవ్వకూడదని చెప్పండి. ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంటుంది.