అమ్మకి కాల్షియం 11.2, పారాథైరాయిడ్ ఆపరేషన్ చేయించాలా?

మీ అమ్మగారికి రక్తంలో కాల్షియం ఎక్కువుంది, పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే, కాల్షియాన్ని పెంచే హార్మోన్) నార్మల్‌లోనే పై అంచున ఉంది, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, అయినా డాక్టర్లు గ్రంథి తీసేద్దామంటున్నారని రాశారు. మా అక్కకీ అచ్చం ఇలాంటి రిపోర్టే వచ్చింది. ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు 24 గంటల యూరిన్‌లో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ వడపోసే వ్యర్థం) చూశారా అని అడగండి.

పారాథైరాయిడ్‌లోనూ కిడ్నీలోనూ కణాల మీద కాల్షియం సెన్సింగ్ రిసెప్టర్, అంటే కాల్షియం ఎంతుందో పసిగట్టే ప్రొటీన్ ఉంటుంది. 1993లో బ్రౌన్, హెబర్ట్ బృందం కనిపెట్టింది దీన్నే. రక్తంలో కాల్షియం పెరిగితే పీటీహెచ్‌ని తగ్గించి, మిగులును యూరిన్‌లోకి పంపించడం దాని పని. దాన్ని తయారుచేసే జీన్‌కి ఉండే రెండు కాపీల్లో ఒకటి దెబ్బతింటే, డాబా మీద ట్యాంకు ఆటోకట్‌ని కాస్త పైన బిగించినట్టే, కాల్షియం పై మట్టంలో నిలబడుతుంది. కిడ్నీ కూడా బయటికి వదలదు. దీన్ని ఎఫ్‌హెచ్‌హెచ్ (ఫెమిలియల్ హైపోకాల్సియూరిక్ హైపర్‌కాల్సీమియా) అంటారు, వంశంలో వచ్చేది. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. ఒక గ్రంథి తీసినా మిగతావి మళ్లీ అదే మట్టానికి తెస్తాయి. ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం అయితే వేరు, అందులో గ్రంథే పెరిగి పీటీహెచ్ ఎక్కువ వదులుతుంది, ఆ గడ్డ తీస్తే నయమవుతుంది. చిక్కేమిటంటే బ్లడ్ రిపోర్టులో రెండూ ఒకేలా కనిపించొచ్చు.

ఈ యూరిన్ టెస్ట్‌కి గుంటూరు కొత్తపేటలో ల్యాబ్ వాళ్లు అక్కకి పెద్ద క్యాన్ ఇచ్చారు. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, మర్నాడు పొద్దున మొదటిది దాకా ప్రతి చుక్కా అందులోనే పట్టాలి. ఆ రోజు దగ్గరి వాళ్ల పెళ్లి. క్యాన్ కూడా తీసుకెళ్దామన్నాడు బావ, అక్క పెళ్లే మానేసింది. రక్తం కూడా అప్పుడే ఇస్తే క్లియరెన్స్ రేషియో, అంటే క్రియాటినిన్‌తో పోలిస్తే కాల్షియం యూరిన్‌లోకి ఎంత పోతోందో లెక్కగడతారు. 0.01 కన్నా తక్కువైతే ఎఫ్‌హెచ్‌హెచ్ అనుమానం, 0.02 దాటితే ప్రైమరీ వైపు, మధ్యలో వస్తే జీన్ టెస్ట్ ఉండనే ఉంది. విటమిన్ డి తక్కువున్నా, బీపీకి థయాజైడ్ బిళ్ల వేసుకుంటున్నా లెక్క తప్పుతుంది, ముందే చెప్పండి.

అక్కకి 0.01 లోపే వచ్చింది. ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ఇంటిల్లిపాదికీ కాల్షియం చూపించమన్నారు. మా అమ్మకీ నాకూ ఎక్కువే ఉంది! ఆపరేషన్ మాట అక్కడితో పోయింది.

అక్క కూతుర్ని మా అబ్బాయికి చేసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. పిల్లలిద్దరికీ జీన్ టెస్ట్ అయ్యేదాకా ఆ మాట ఎత్తొద్దనుకున్నాం. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఈ జీన్ లోపముంటే బిడ్డకు రెండు కాపీలూ దెబ్బతినే అవకాశం నాలుగో వంతు. అలాంటి బిడ్డకు పుట్టిన కొద్ది రోజుల్లోనే కాల్షియం ప్రాణం మీదికి వచ్చేంత పెరగొచ్చు, గ్రంథులన్నీ తీయాల్సి రావచ్చు. మీ ఇంట్లో మేనరికాలుంటే ఆ సంగతి డాక్టర్ చెవిన వేయండి.